రోజుకి మూడు బండ్లు: నాన్నతో తదామి లైన్‌లో

జపాన్‌లో ఆకులు రంగు మారే కాలం వస్తే టోక్యోలో ఉండే మనవాళ్లలో చాలామంది నిక్కోకో క్యోటోకో బయల్దేరతారు. రెండూ చూడాల్సిన చోట్లే, కాదనను. కానీ ఆ రోజుల్లో అక్కడ జనం తాకిడి విపరీతం. పెద్దవాళ్లని తీసుకెళ్తే బస్సు క్యూలో నిలబెట్టడంతోనే సగం రోజు గడిచిపోతుంది. మూడు నెలలు నా దగ్గర ఉందామని ఎస్.కోట నుంచి నాన్న వచ్చినప్పుడు, నవంబరు మొదటి వారంలో ఆయన్ని ఇంకో వైపుకి తీసుకెళ్లాను. ఫుకుషిమా రాష్ట్రపు పడమటి కొండల్లో, ఐజు-వాకామత్సు ఊరి నుంచి నీగాతా వైపు కొయిదె దాకా వెళ్లే తదామి లైన్‌కి. పొడవు 135.2 కిలోమీటర్లు, ఒంటి లైను, డీజిలు బండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లే బండ్లు రోజుకి మూడంటే మూడు.

ఆ లైనే ఎందుకంటే, నాన్న ట్రాక్ మనిషి, పట్టాల బాగోగులు చూసే పని. వాల్తేరు డివిజన్‌లో గేంగ్‌మన్‌గా చేరి, కీమన్ అయి, మేట్‌గా రిటైరయ్యాడు. ఉద్యోగమంతా కొత్తవలస–కిరండూల్ లైన్ మీదే: శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా. మనవాళ్లకి అది అరకు వెళ్లే రైలు. అసలు ఆ లైను వేసింది మాత్రం బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి. ఖనిజం మేం కొంటామని జపాన్ ఉక్కు కంపెనీలు ఒప్పుకున్నాకే 1960ల్లో ఆ కొండల్ని తొలిచారు. ఆ లైన్‌ని కాపాడుతూ బతికిన మనిషికి జపాన్‌లో చూపించాల్సింది ఎత్తయిన టవర్లు కాదు, కొండ మీద పట్టాలు అనిపించింది.

ముందు టికెట్ల సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే ఎక్కువమంది అడిగేది అదే. ఏడు రోజుల జపాన్ రైల్ పాస్ 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి ఒక్కసారిగా 50,000 అయింది. ఈ ఒక్క యాత్ర కోసం అది కొనక్కర్లేదు, విడి టికెట్లే చవక. టోక్యో నుంచి కోరియామా దాకా బుల్లెట్ రైలు షింకన్‌సెన్, గంటన్నర లోపే. అక్కడ బాన్‌-ఎత్సు పశ్చిమ లైన్ బండి ఎక్కితే గంటా పావు లోపే ఐజు-వాకామత్సు. దారిలో కుడి పక్కన బందై కొండ కనిపిస్తుంది. 1888లో పేలి ఒక వైపు కూలిపోయిన అగ్నిపర్వతం అది. ఐజు-వాకామత్సులో కౌంటర్ దగ్గరికి వెళ్లి కొయిదె దాకా కాగితం టికెట్టే తీసుకోవాలి. టోక్యోలో వాడే కార్డు లోపలి పల్లెల్లో దిగితే పనికిరాదు, ఆ స్టేషన్లలో చాలావాటిలో మనుషులే ఉండరు. అలాంటి చోట టికెట్ లేకుండా ఎక్కితే తలుపు దగ్గర యంత్రం నంబరు చీటీ ఇస్తుంది. దిగేటప్పుడు డ్రైవరు పక్కనున్న పెట్టెలో చీటీ, డబ్బులు వేసి దిగాలి. మన పల్లెవెలుగు బస్సులో కండక్టరు లేకుండా ప్రయాణం చేసినట్టు. వెయ్యి యెన్‌ల నోట్లు, చిల్లర దగ్గరుంచుకోవడం చాలా అవసరం.

టైము దగ్గరే అందరూ దెబ్బ తింటారు. లైను మొత్తం పోయే బండి ఒకటి తెల్లవారి ఆరు దాటగానే, ఇంకోటి మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో, మూడోది సాయంత్రం అయిదుకి అటూ ఇటూగా ఐజు-వాకామత్సులో బయల్దేరతాయి. నవంబరులో అక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం బండిలో చివరి దాకా పోతే చివరి భాగం చీకట్లోనే. కాబట్టి మధ్యాహ్నం బండిలో కొంత దూరం వెళ్లి, రాత్రికి కొండల్లో ఆగి, పొద్దున బండిలో మిగతాది పూర్తి చేయడం మంచిదని నా లెక్క. నేను అలాగే చేశాను, మళ్లీ వెళ్లినా అలాగే చేస్తాను.

బండి రెండు పెట్టెలు. తెలుపు మీద ఆకుపచ్చ రంగు, లోపల ఎదురెదురు సీట్లు, టాయిలెట్ ఉంది. అది ముందే కనుక్కున్నాను, నాన్న వయసుకి అది ముఖ్యం. నాన్న సీట్లో కూర్చోలేదు. పెట్టె ముందు భాగంలో డ్రైవరు గది అద్దం వెనక చేరి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఇది మీటరు గేజీ కాదు, బ్రాడు గేజీ కాదు. ఏటమ్మా ఇది?" అన్నాడు.

పట్టాల మధ్య దూరం 1,067 మిల్లీమీటర్లు అని చెప్పాను. మన మీటరు గేజ్ కంటే ఎక్కువే, కానీ ఆ తేడా బెత్తెడు లోపే. షింకన్‌సెన్ కాకుండా జపాన్‌లో చాలావరకు ఇదే కొలత. మలుపులు ఇంత బిగుతుగా ఎలా తీశారో ఆయనకి అప్పుడు అర్థమైందట.

డ్రైవరు తెల్ల చేతి తొడుగులు వేసుకున్న కుర్రాడు. ప్రతి సిగ్నలుకీ చేయి చాపి, వేలు పెట్టి చూపించి, పైకి చదువుతాడు. ఒక్కడే ఉన్నా సరే, వినేవాళ్లు లేకపోయినా సరే. ఇది చూసి నాన్న ముఖం విప్పారింది. "మనోళ్లూ ఇంతే కదా. డ్రైవరూ అసిస్టెంటూ ఒకళ్లకొకళ్లు సిగ్నల్ చెప్పుకుంటారు. ఈ బాబు తనకి తనే చెప్పుకుంటన్నాడు" అన్నాడు. ఆ తరవాత ప్రతి సిగ్నలుకీ నాన్న పెదాలు కూడా కదలడం నేను పక్కనుంచి చూశాను.

మొదటి ముప్పావు గంట ఐజు మైదానం. కోత అయిపోయిన వరి మళ్లు, దూరంగా కొండలు. ఐజు-బాంగె దాటాక ఇంజను గొంతు మారుతుంది. ఎక్కుడు మొదలు. కిటికీకి ఆనుకునే చెట్లు వస్తాయి. ఎరుపొక్కటే చూడ్డానికి వచ్చేవాళ్లకి ఇక్కడ కొంచెం ఆశ్చర్యం కలుగుతుంది. ఈ కొండల్లో రాజ్యం మేపుల్‌ది కాదు, బీచ్ చెట్టుది. బీచ్ ఆకు ముందు పసుపు అవుతుంది, తరవాత తేనె రంగు, తరవాత రాగి. వాటి మధ్య ఎక్కడో ఒక మేపుల్ ఎర్రగా, మధ్యమధ్య సుగి అనే సూదాకుల చెట్ల ముదురాకుపచ్చ. క్యోటో గుడి తోటలో ప్రతి చెట్టూ ఎవరో నాటింది. ఇక్కడి బీచ్ చెట్లని ఎవరూ నాటలేదు. నాకు ఈ రంగులే ఎక్కువ నచ్చాయి. రాత్రి చలి పెరిగి పగలు ఎండ కాస్తే ఆకులో పచ్చదనం విరిగిపోతుంది. అన్నాళ్లూ దాని కింద దాక్కున్న పసుపు బయటపడుతుంది. మేపుల్ మాత్రం ఆకులో మిగిలిన చక్కెరతో అప్పటికప్పుడు కొత్తగా ఎరుపు తయారు చేసుకుంటుంది. తదామి ఊరి చుట్టూ ఉన్న ఈ బీచ్ అడవుల్ని 2014లో యునెస్కో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తించింది.

ఐజు-హినోహరా దాటాక బండి వేగం తగ్గించింది. పెట్టెలో వాళ్లంతా ఒక్కసారి లేచారు. చెట్లు పక్కకి తప్పుకున్నాయి, కింద నేల లేదు. తదామి నది మీద మొదటి వంతెన. 1941లో బండ్లకి తెరిచిన ఉక్కు కమాను, లోయ మధ్యలో ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి వంగి ఉంటుంది. కింద ఆనకట్టలు ఆపిన నీళ్లు కాబట్టి నది కదలడం లేదు. రెండు వైపుల కొండలూ, వాటి రంగులన్నీ, మొత్తం నీళ్లలో తలకిందులుగా ఉన్నాయి. వంతెన మీద ఉన్నప్పుడు వంతెన కనపడదు, నిజమే. కానీ కమాను మీద బండి చక్రాల చప్పుడు మారడం వినపడుతుంది. నాన్న దాన్ని విన్నాడు. "గర్డరు ఖాళీగా లేదు, బిగువుగా ఉంది. బాగా చూసుకుంటన్నారు" అన్నాడు. ఆయన చెవి మీద నాకు నమ్మకం.

మేం ఐజు-మియాషితాలో దిగాం. మిషిమా అనే చిన్న ఊరు అది. బస చేసిన ఇంటావిడ కారు తెచ్చి, అడగకుండానే నేరుగా వంతెన చూసే గుట్ట కిందికి తీసుకెళ్లింది. హైవే పక్కన విశ్రాంతి కేంద్రం దగ్గర నుంచి గుట్ట మీదికి మెట్ల దారి ఉంది. మధ్యలో నాలుగు చోట్ల నిలబడి చూసే వేదికలు. కింది వేదిక చాలు మోకాళ్ల నొప్పులవాళ్లకి. పైన అప్పటికే కెమెరాలు పెట్టుకుని ముప్పై నలభై మంది ఉన్నారు, ఎక్కువమంది తైవాన్ వాళ్లు. సాయంత్రం బండి ఎప్పుడొస్తుందో అందరికీ నిమిషంతో సహా తెలుసు. బండి వచ్చింది, కమాను మీద నెమ్మదించింది, నీళ్లలో ఇంకో బండి దాని కింద నడిచింది, వెళ్లిపోయింది. ఫొటోలు చూసి వచ్చినవాళ్లకి కూడా అది చాలదు అనిపించదు. అంత బాగుంటుంది.

కానీ అక్కడ నన్ను ఒక విషయం పట్టుకుంది. గుట్ట మీద అంతమంది ఉన్నారు కదా, బండిలో పది పదిహేను మంది కంటే లేరు. ఎక్కువమంది వచ్చింది కార్లలో, టూరు బస్సుల్లో. ఫొటో తీసుకుని పొద్దుపోయేసరికి వాకామత్సు హోటళ్లకి వెళ్లిపోతారు. రైలుని చూడటానికి వచ్చినవాళ్లు రైలెక్కకపోతే ఆ రైలు ఏమవుతుంది? ఈ ప్రశ్న ఈ లైన్‌కి ఊహ కాదు, పదకొండేళ్లు అనుభవించిన కష్టం.

2011. మార్చిలో భూకంపం, సునామీ, సముద్రం వైపు అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం. అదే ఏడు జులై చివర్లో నీగాతా, పడమటి ఫుకుషిమా కొండల్లో కుండపోత వాన. తదామి నది పొంగి అయిదో వంతెన, ఆరో వంతెన, ఏడో వంతెన కొట్టుకుపోయాయి. కొన్ని పూర్తిగా, కొన్ని సగం. ఐజు-కవాగుచి, తదామి మధ్య 27.6 కిలోమీటర్లు బండి ఆగిపోయింది. అంతకు ముందు ఏడాది లెక్కల్లో ఆ ముక్క మీద కిలోమీటరుకి రోజుకి సగటున 49 మంది ప్రయాణించేవాళ్లు. బాగు చేసినా నష్టమే కాబట్టి బస్సు వేద్దామని రైల్వే కంపెనీ అంది. వ్యాపారం చూసుకునేవాళ్లు అలా అనడంలో తప్పేం లేదు. రాష్ట్రం, లోయలో ఊళ్లు ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి మాటలు సాగాక 2017లో ఒప్పందం కుదిరింది: ఆ ముక్కలో పట్టాలు, వంతెనలు, స్టేషన్లు ఫుకుషిమా రాష్ట్రానివి, వాటి ఖర్చు రాష్ట్రం, ఐజు ప్రాంతపు ఊళ్లు కలిసి పెట్టుకుంటాయి. బండి నడపడం మాత్రం రైల్వే పని. బాగు చేయడానికి సుమారు 900 కోట్ల యెన్‌లు అయింది. 2022 అక్టోబరు 1న మళ్లీ బండి నడిచింది.

రాత్రి భోజనాల దగ్గర నాన్నకి ఇదంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మా లైన్ మీద కూడా వానాకాలం బండరాళ్లు దొర్లిపడతాయి, కొండచరియలు జారతాయి. రాత్రిపూట లాంతరు పట్టుకుని పెట్రోలింగ్ చేసిన మనిషి. "అక్కడైతే రెండో రోజుకే లైను ఇచ్చేయాలి. ఖనిజం ఆగితే ఢిల్లీ నుంచి ఫోను వస్తాది. మనుషులు ఆగితే ఎవురు ఫోను చేస్తారు?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు.

భోజనం గురించి కూడా చెప్పాలి. మాంసం తినం, చేప తింటాం అని బస బుక్ చేసేటప్పుడే రాశాను. ఉప్పు రాసి నిప్పుల మీద కాల్చిన ఏటి చేప, పుట్టగొడుగుల పులుసు, కొండ ఆకుకూరలు, ఊరగాయ ముల్లంగి, కొత్త బియ్యం అన్నం. పూర్తి శాకాహారులైతే జాగ్రత్త, కూరగాయల పులుసులో కూడా ఎండు చేప నీళ్లు ఉంటాయి. ముందే గట్టిగా చెప్పాలి, చెప్తే చేసి పెడతారు. అన్నం ముద్దగా ఉందని నాన్న మొదట నసిగినా రెండోసారి వడ్డించుకున్నాడు, నేను తెచ్చిన గోంగూర పచ్చడితో. ఇంటావిడ ఒక్క మెతుక్కి పచ్చడి అంటించుకుని రుచి చూసి, కళ్లల్లో నీళ్లు తిరిగినా ఇంకో మెతుకు తీసుకుంది.

పడుకోవడం నేల మీద పరుపుల్లో. మోకాళ్లు సహకరించనివాళ్లకి లేవడం కష్టం. ముందే అడిగితే కుర్చీ, ఇంకో పరుపు ఎత్తు కోసం ఇస్తారు. వేడినీటి బుగ్గ స్నానానికి పదిమందిలో బట్టల్లేకుండా దిగాలంటే నాన్న ససేమిరా అన్నాడు. చిన్న బస కాబట్టి అందరూ అయ్యాక ఆయన ఒక్కడికే తొట్టి వదిలారు. అరగంట తరవాత బయటికొచ్చి, నడుం నొప్పి తగ్గిందని చెప్పాడు.

ఆ ఇంట్లో వంటగది గోడకి ఒక బుట్ట వేలాడుతోంది. మన చాట కంటే లోతు, తెల్లగా, నున్నగా. ఇంటావిడ దాన్ని దింపి నాన్న చేతిలో పెట్టింది. మతతాబి అనే అడవి తీగని చీల్చి అల్లిన బుట్ట, బియ్యం కడగడానికి. నీళ్లు జారిపోతాయి, గింజ జారదు. తడిస్తే మెత్తబడుతుంది కాబట్టి చేతికి గీసుకోదు. చలికాలం నాలుగు నెలలు మంచులో ఇంట్లో కూర్చుని మిషిమా వాళ్లు ఇవి అల్లుతారు, అడవి ద్రాక్ష బెరడుతో సంచులు కూడా. 2003లో ప్రభుత్వం ఈ అల్లికని సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. నాన్న ఆ బుట్ట అడుగు తిప్పి, అల్లిక మొదలు ఎక్కడుందో వేలితో వెతుక్కుంటూ పోయాడు. దొరికేదాకా కింద పెట్టలేదు.

పొద్దున్నే చలి సూదిలా ఉంది. స్టేషన్‌కి నడిచే దారిలో ప్రతి ఇంటి ముందూ ఒక పర్సిమన్ చెట్టు. ఆకులన్నీ రాలిపోయి నారింజ రంగు కాయలు మాత్రం కొమ్మలకి అలాగే ఉన్నాయి. ఐజు ప్రాంతపు ఈ కాయ చెట్టు మీద ఉండగా వగరు. మద్యంతో మాగబెట్టి వగరు విరిచాకే తింటారు. ఇప్పుడు ఈ చెట్లే ఒక బెంగ. బీచ్ గింజలు కాయని ఏడు అడవిలో తిండిలేక ఎలుగుబంట్లు ఊళ్లోకి వస్తాయి, కాయలున్న చెట్టు వాటిని పిలిచినట్టే. కాయలు కోసేయండి అని ఊళ్లల్లో చెప్తున్నారు. కానీ చెట్టెక్కి కోయగల వయసువాళ్లు ఊళ్లో ఎవరు మిగిలారు? నడిచేవాళ్లు బ్యాగుకి చిన్న గంట కట్టుకుంటారు, ఎలుగు దూరంగానే విని తప్పుకోవాలని. మాకూ ఇంటావిడ రెండు గంటలు ఇచ్చింది, స్టేషన్ దగ్గర తిరిగి తీసుకుంది.

ఒక ముసలాయన తన ఇంటి కిటికీలకి చెక్కలు బిగిస్తున్నాడు. ఇంకో నెలలో మంచు పడుతుంది, కప్పు మీద నుంచి జారి కిటికీల ఎత్తు పేరుకుంటుంది, అద్దాలు పగలకుండా అడ్డు. నాన్న ఆగి చెక్కకి రెండో వైపు పట్టుకున్నాడు. ఆయన ఏమీ అడగలేదు, ఈయన ఏమీ చెప్పలేదు. రెండు చెక్కలు బిగించాక ఆయన తల వంచాడు, నాన్న దణ్ణం పెట్టాడు. బండికి టైమవుతోందని నేను కంగారు పెట్టాను. తరవాతి బండి మధ్యాహ్నం దాకా లేదు కదా.

మియాషితా తరవాత లైను నదిని వదలదు. హయాతో, మిజునుమా, నకగావా. నీళ్ల మీద పొగమంచు పలచగా లేస్తోంది, దాంట్లోంచి కొండ అవతలి వైపు సగమే కనిపిస్తుంది. ఐజు-కవాగుచి ప్లాట్‌ఫారం నది అంచునే ఉంది. దిగి నిలబడితే కాళ్ల కింద నీళ్లే. అక్కడి నుంచి మొదలయ్యేదే పదకొండేళ్లు మూతపడిన ముక్క. అసలు ఈ ముక్క ప్రయాణికుల కోసం పుట్టింది కాదు. తగోకురా ఆనకట్టకి సిమెంటు, యంత్రాలు మోయడానికి విద్యుత్ కంపెనీ 1957లో సొంతానికి వేసుకున్న లైను. ఆనకట్ట పని అయిపోయాక 1963లో ప్రయాణికుల బండ్లకి ఇచ్చారు. 1971లో నీగాతా వైపు లైనుతో కలిసి మొత్తం ఒకటైంది. ఇది విన్నప్పుడు నాన్న తల తిప్పి నా వైపు చూశాడు. "మా లైను లాంటిదే అయితే" అన్నాడు.

కూలిన వంతెనల దగ్గర ఆయన మళ్లీ డ్రైవరు గది అద్దం దగ్గరికి వెళ్లాడు. హొన్నా ఆనకట్ట దిగువన ఆరో వంతెన కొత్తది, కళ్లకి తెలిసిపోతుంది. కంకర ఇంకా నల్లబడలేదు, స్లీపర్లు కాంక్రీటువి, పాత చోట్ల చెక్కవి. ఒక మలుపులో పసుపు హెల్మెట్లు పెట్టుకున్న నలుగురు పట్టాల పక్కకి తప్పుకుని బండికి చేతులూపారు. ట్రాక్ పనివాళ్లు. నాన్న అద్దానికి అరచేయి ఆనించాడు. వాళ్లే కాదు, ఆ లోయలో బండిని చూసినవాళ్లంతా చేయి ఊపుతారు: పొలంలో ముసలమ్మ, బడి ముందు పిల్లలు, రోడ్డు మీద ఆపిన లారీ డ్రైవరు. పదకొండేళ్లు బండి లేని ఊళ్లు కదా. బండి వస్తే వాళ్లకి పండగే.

తదామిలో బండి కాసేపు ఆగుతుంది. దిగి కాళ్లు చాపుకోవచ్చు. మేం స్టీలు డబ్బాలో తెచ్చుకున్న పులిహోర అక్కడ తిన్నాం. చెత్తబుట్టలు ఉండవు, ఏ చెత్తయినా మనతోనే తీసుకెళ్లాలి. అక్కడి ప్రయాణికుల్లో ఒకావిడ మాకు యనాయిజు ఊరి మిఠాయి పెట్టింది. లోపల తీపి ఎర్ర చిక్కుడు ముద్ద, పైన పసుపుపచ్చని గింజలు. నాన్న ఒక గింజ విడదీసి పళ్ల మధ్య పెట్టుకుని, "కొర్రలమ్మా!" అన్నాడు. నిజమే, కొర్రలే. మన ఏజెన్సీలో గంజి కాచుకునే గింజే అక్కడ గుడి ముందు వేడివేడిగా ఆవిరి మీద ఉడికించి అమ్ముతారు.

తదామి దాటాక సొరంగం, ఒక్క నిమిషం తగోకురా సరస్సు మీద వెలుతురు, మళ్లీ సొరంగం. ఈ రెండోది 6,359 మీటర్ల రొకుజూరిగోయె. దీని పైన కొండ మీద నుంచి వెళ్లే 252 నంబరు హైవే చలికాలం మంచుతో మూతపడుతుంది, వసంతం దాకా తెరవరు. 1980ల్లో నష్టాల లైన్లని వరుసగా మూసేస్తున్నప్పుడు తదామి లైన్‌ని వదిలేయడానికి కారణం ఇదే. చలికాలం ఈ రెండు లోయల మధ్య వేరే దారి లేదు. చీకట్లో అన్నేసి నిమిషాలు పోతుంటే నాన్న గడియారం చూసుకుని, గోడల మీద నీటి చారలు చూస్తూ కూర్చున్నాడు. బయటపడేసరికి రాష్ట్రం మారింది. నీగాతా వైపు ఎండ ఎక్కువ. ఒషిరకవా దగ్గర బీచ్ కొండ మొత్తం రాగి రంగులో మండుతోంది. ఆ తరవాత లోయ వెడల్పవుతుంది, ఉవోనుమా వరి మళ్లు మొదలవుతాయి. జపాన్‌లో బియ్యం అంటే ముందు చెప్పుకునే ఊరి పేరు అది.

కొయిదెలో దిగి, జోయెత్సు లైన్ బండి మారి ఉరాసా వెళ్తే అక్కడ టోక్యో షింకన్‌సెన్ ఎక్కొచ్చు. వచ్చిన దారినే తిరిగి వెళ్లే పని లేదు. ఈ యాత్రలో అది మంచి సౌకర్యం. ఇంకో మాట కూడా చెప్తాను. వెళ్లేవాళ్లు గుట్ట మీద ఫొటో తప్పకుండా తీసుకోండి, కానీ బండి కూడా ఎక్కండి. ఒక రాత్రి మిషిమాలోనో కనయామాలోనో తదామిలోనో పడుకోండి, అక్కడే తినండి, ఒక బుట్టో ఒక పొట్లమో కొనండి. వెళ్లేముందు రోజు బండి నడుస్తుందో లేదో కనుక్కోండి. వానకీ గాలికీ ఈ లైన్ ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆగుతుంది.

కొయిదె ప్లాట్‌ఫారం మీద మారాల్సిన బండికి టైముందని నాన్న ఫోను తీశాడు. తనతో గేంగ్‌లో పనిచేసిన పెద్దప్పడు బాబాయికి వీడియో కాల్. అక్కడ ఇంకా పొద్దున ఏడు దాటింది. బాబాయి వేపపుల్ల నోట్లోనే ఉంచి పలికాడు. నాన్న కెమెరా పట్టాల మీదికి తిప్పి, కంకర చూపించి, పట్టాలని కలిపే ఫిష్‌ప్లేటు చూపించి, ఆ తరవాత మా రెండు పెట్టెల బండిని చూపించాడు.

"గూడ్సులు రోజుకి ఎన్ని పోతాయిరా?" అడిగాడు బాబాయి.

"గూడ్సులు లేవురా. మనుషులకే."

"మనుషులు బానే ఎక్కుతారేటి?"

"లేదురా, తక్కువే. అయినా నడుపుతన్నారు. వంతెనలు కొట్టుకుపోతే మళ్లీ కట్టుకున్నారు. ఉండు, ఆ వంతెన చూపిస్తాను" అని నాన్న ఫొటోలు వెతకడం మొదలుపెట్టాడు. ఉరాసా బండి వచ్చి తలుపులు తెరిచినా ఆ మాటలు ఆగలేదు.